ఉయ్యాల పక్కన కూర్చున్న మనిషికి కూలి ఎంత?

మా నరసరావుపేటలో బట్టల కొట్టుకి బోర్డుంటుంది, పచ్చళ్ళ కొట్టుకి బోర్డుంటుంది. ఇంట్లో జాకెట్లు కుట్టే ఆవిడ కూడా గేటుకి ఒక రేకు ముక్క తగిలిస్తుంది. "ఇచ్చట పిల్లలు చూసుకొనబడును" అనే బోర్డు మాత్రం నాకెక్కడా కనపడలేదు. అలాగని ఆ పని జరగటం లేదా అంటే, ప్రతి రెండు వీధులకీ అలాంటి ఇల్లు ఒకటుంది. పొద్దున ఎనిమిదిన్నరకి ఒక స్కూటీ ఆగుతుంది. ఒక సంచీ, ఒక నీళ్ళ సీసా, నిద్రకళ్ళ బిడ్డ దిగుతారు. స్కూటీ వెళ్ళిపోతుంది. ఆ ఇంటావిడని అడిగితే, "ఏముందండీ, ఊరికే ఇంట్లో ఉంటాగా, చూస్తున్నా" అంటుంది. ఆ "ఊరికే" అనే మాట మీదే నాకు కోపం.

నేనూ నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర ఐదుగురు పిల్లలున్నారు. వాళ్ళ అమ్మల్లో ఇద్దరు ప్రైవేటు బడిలో టీచర్లు, ఒకమ్మాయి బ్యాంకులో, ఒకమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో, ఇంకొకామె బట్టల షాపులో పని చేస్తారు. నా దగ్గర రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటుంది. దాని మొదటి నాలుగు పేజీల్లో నా ఇంటి నిబంధనలు రాసి పెట్టుకున్నా. బిడ్డను చేర్చే రోజు తల్లిదండ్రులిద్దరితో చదివించి సంతకాలు పెట్టిస్తా. చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. "మనలో మనకి సంతకాలేంది పిన్నీ!" అని.

ఈమధ్య మాచర్లలో ఉండే మా ఆడపడుచు తోడికోడలు తనూ మొదలుపెడదామనుకుంటున్నానని ఆ పేజీల ఫోటోలు పంపమంది. పంపాను. కానీ ఒక్కో రూలూ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకపోతే అదంతా నా చాదస్తంలాగే కనపడుతుంది. నిజానికి వాటిలో నేను కనిపెట్టినవి ఏమీ లేవు. అన్నీ పాతవే. ప్రతిదానికీ ఎక్కడో ఎవరో ఖరీదు కట్టారు, చాలాసార్లు ఆ కట్టినవాళ్ళు పిల్లలే.

ఇంటి అరుగు మీద పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టుకోవటం మనకి కొత్త కాదు. వీధిబడి అంటే అదే కదా. 1820ల్లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఊళ్ళల్లో బడులు ఎలా ఉన్నాయో రాసి పంపమని కలెక్టర్లందరినీ అడిగాడు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు అందరికంటే వివరంగా ఉంటుంది. అప్పటి బళ్ళారి జిల్లాలో తెలుగు, కన్నడం రెండూ నడిచేవి. బిడ్డకి ఐదో ఏడు రాగానే బడిలో వేసేవాళ్ళట. పొద్దున ఆరింటికే బడి తెరుచుకునేది. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్ళు. రెండోవాడి చేతిలో సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చినవాళ్ళకి ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవటమే. ఇప్పుడు మనం రిజిస్టరులో టైము రాస్తే, అప్పుడు అరచేతిలో రాశారు. అంతే తేడా. (దెబ్బల సంగతి వదిలేయండి, మా ఇంట్లో చెయ్యెత్తటం అనేదే లేదు, అది నా పుస్తకంలో మొదటి రూలు.)

నేను గమనించింది ఏంటంటే, ఆ అరుగు మీద ఒక పద్ధతి ఉంది. వేళ ఉంది, హాజరు ఉంది, అయ్యవారికి ఇవ్వాల్సింది ఉంది, దసరాకి పప్పుబెల్లాలు ఉన్నాయి. దసరా రోజుల్లో అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి మామూలు పుచ్చుకునేవారు. ఎవరూ దాన్ని "ఊరికే" అనలేదు. మరి ఐదేళ్ళ లోపు బిడ్డ? ఆ బిడ్డ అరుగు దాకా రాడు. గడప లోపలే ఉంటాడు, అమ్మ చంకలోనో, నాయనమ్మ ఒళ్ళోనో. గడప లోపల జరిగేదానికి వేళా లేదు, జీతమూ లేదు, పేరూ లేదు. చదువు చెప్పేవాడికి దక్షిణ, ముక్కు తుడిచే మనిషికి ఏమీ లేదు. అది ఇవాళ్టికీ మారలేదంటే మీరు కాదనరనుకుంటా.

గడప దాటి పనికి పోక తప్పని ఆడవాళ్ళకి ఒళ్ళో కూర్చోబెట్టుకునే నాయనమ్మలు కూడా ఉండరు, ఆవిడా కూలికే పోయి ఉంటుంది. మన పల్నాడు సంగతే చూడండి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడికాలువ వచ్చాక మన మెట్టపొలాల బతుకు మారింది. ఆ తర్వాత పత్తి పెరిగింది, మిరప పెరిగింది. ఆ రెండు పంటలకీ ఆడవాళ్ళ వేళ్ళు కావాలి. జనవరి దాటాక మిరపకోతలు మొదలైతే వెలుగు రాకముందే ఆటోలు బయలుదేరతాయి. ఎండ ముదరక ముందే కోసినంత కొయ్యాలి. చంటిబిడ్డని ఎక్కడ పెట్టాలి? గట్టు మీద వేపచెట్టుకి పాత చీర కట్టి ఉయ్యాల వేస్తారు. మీరంతా చూసే ఉంటారు. ఫోటోల్లో చాలా అందంగా ఉంటుంది.

ఆ ఫోటోల్లో ఉయ్యాల పక్కన ఒక మనిషి ఉంటుంది, ఏడో ఎనిమిదో ఏళ్ళ ఆడపిల్ల. మా అత్తగారి అక్క ఒకావిడ గురజాల దగ్గర పల్లెలో అలాంటి పిల్లే. ఇద్దరు తమ్ముళ్ళకీ ఒక చెల్లికీ ఉయ్యాల ఊపింది. తమ్ముళ్ళలో ఒకాయన మేష్టారుగా రిటైరయ్యాడు. ఆవిడ ఇప్పటికీ పింఛను పుచ్చుకునేటప్పుడు వేలిముద్ర వేస్తుంది. "నాకు బడి లేక కాదే, చేతికి చీర కట్టేశారు" అంటుంది నవ్వుతూ. ఉయ్యాల తాడు చేత్తో పట్టుకోవాలిగా, అదన్నమాట. 1986లో వచ్చిన జాతీయ విద్యావిధానంలో ఈ మాట సూటిగానే రాశారు. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకోవటంలో ఇరుక్కున్న ఆడపిల్లలు బడికి వెళ్ళాలంటే పగటిపూట శిశుసంరక్షణ కేంద్రాలు పెట్టాలని. స్వాతంత్ర్యం వచ్చిన ముప్పై తొమ్మిదేళ్ళకి. మా పెద్దత్తయ్యకి అప్పటికి మనవరాళ్ళు.

అక్క కూడా దొరకని తల్లులు ఏం చేశారన్నది ఇంకా కష్టమైన కథ. నల్లమందు పెట్టారు. మా నాయనమ్మ ఈ సంగతి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేది. ఆవగింజలో సగమంత, పాలల్లో రంగరించి. బిడ్డ మధ్యాహ్నం దాకా కదలడు. ఇది ఒక్క మన ఊళ్ళ గొడవే అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, కార్మికుల పరిస్థితుల మీద 1929లో వేసిన రాయల్ కమిషన్, విట్లీ కమిషన్ అంటారు, 1931లో ఇచ్చిన నివేదికలో బొంబాయి లాంటి చోట్ల మిల్లుల్లో పనిచేసే తల్లులు బిడ్డలకి నల్లమందు ఇచ్చి పడుకోబెట్టటం గురించి రాసిందని. ఆడవాళ్ళు ఎక్కువగా పనిచేసే ఫ్యాక్టరీల్లో శిశుగృహాలు ఉండాలని చెప్పింది కూడా ఆ కమిషనే. ఆ తల్లుల్ని నేనేమీ అనను. మగ్గాల మధ్య పాకే బిడ్డ కంటే మగతలో ఉన్న బిడ్డ బతుకుతాడని లెక్కేసుకున్నారు.

నా పుస్తకంలో మూడో రూలు మందుల గురించి. డాక్టరు చీటీ, తల్లి రాసిచ్చిన వేళ, ఎన్ని మిల్లీలీటర్లు, ఈ మూడూ లేకుండా ఏ సిరప్పూ పట్టను. వేసిన వెంటనే టైము రాసి సంతకం పెడతా. "జలుబు సిరప్పే కదక్కా, వేస్తే కాసేపు పడుకుంటాడు, మీకూ తెరిపి" అని ఒకమ్మాయి సీసా ఇచ్చింది. ఆ అమ్మాయి నా మంచికే చెప్పింది. కానీ "పడుకుంటాడు" అన్న మాట వినగానే నాకు నాయనమ్మ గొంతు గుర్తొస్తుంది. సీసా తిరిగి సంచీలో పెట్టేశా.

ఈ పనికి చట్టం అనేది వచ్చింది ఎక్కడంటే, ముందు ఇంగ్లండులో, అదీ ఇలాంటి కథ వల్లే. 1870లో లండన్లో మార్గరెట్ వాటర్స్ అనే ఆవిడని ఉరి తీశారు. పత్రికల్లో ప్రకటనలిచ్చి, డబ్బు పుచ్చుకుని ఊరివాళ్ళ బిడ్డల్ని పెంచుతానని తెచ్చుకునేది. పోలీసులు వెళ్ళేసరికి పసివాళ్ళు తిండి లేక, మత్తుమందుతో, సోఫాల మీద పడి ఉన్నారు. దేశమంతా అట్టుడికింది. 1872లో చట్టం తెచ్చారు: ఏడాది లోపు బిడ్డల్ని ఒకరికంటే ఎక్కువమందిని డబ్బుకోసం ఇరవైనాలుగు గంటలు దాటి ఉంచుకునేవాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలని. పగలు చూసుకుని సాయంత్రం అప్పజెప్పేవాళ్ళని మాత్రం వదిలేశారు. ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం పోరాడేవాళ్ళే అడ్డుపడ్డారు, ఇరుగుపొరుగు సాయాన్ని కూడా పోలీసు లెక్కల్లో పెడతారా అని. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ దాంతో పగలు చూసుకునే ఇల్లాళ్ళు చట్టానికి కనపడకుండా పోయారు, ఇంకో డెబ్భై ఆరేళ్ళు. యుద్ధం అయిపోయాక 1948లో నర్సరీల, చైల్డ్‌మైండర్ల చట్టం వచ్చి ఇంట్లో పిల్లల్ని చూసే ఆవిడ కూడా స్థానిక సంస్థ దగ్గర పేరు రాయించుకోవాలంది.

1948 అనగానే నేను ఆగిపోయాను. మన ఫ్యాక్టరీల చట్టం కూడా అదే ఏడాదిది. దాని 48వ సెక్షనులోనే శిశుగృహం మాట ఉండేది. ఒకే సంవత్సరంలో అక్కడి చట్టం ఇంటి గడప వైపు చూసింది, ఇక్కడి చట్టం ఫ్యాక్టరీ గేటు వైపు చూసింది. మనది ఆ తర్వాత కూడా ఫ్యాక్టరీ వైపు, గని వైపు, తోట వైపు చూస్తూనే ఉంది. ఇంటివైపు తిరగలేదు.

ఫ్యాక్టరీ చట్టం ఏమందంటే, యాభై మంది కంటే ఎక్కువ ఆడవాళ్ళు పనిచేసేచోట ఆరేళ్ళలోపు పిల్లలకి ఒక గది ఉండాలని. 1976లో ఆ యాభైని ముప్పై చేశారు. 1951లో తోటల కార్మికుల చట్టం, 1966లో బీడీ కార్మికుల చట్టం, ఇలా వరసగా వచ్చాయి. అన్నింటిలోనూ ఒక అంకె ఉండేది. ఆ అంకె చాలావరకు పిల్లల్ని కాదు, ఆడవాళ్ళని లెక్కపెట్టేది. ఫ్యాక్టరీలో ముప్పై మంది ఉంటే గది అక్కర్లేకపోయేది, ముప్పై ఒకటో మనిషిని పెట్టుకుంటే కావాల్సి వచ్చేది. యజమానివైపు నుంచి ఆలోచించండి, ఆ ముప్పై ఒకటో మనిషి ఆడమనిషి ఎందుకయ్యేది? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని మార్చినప్పుడు ఇది కొంత సర్దారు. ఆడా మగా కలిపి యాభై మంది ఉద్యోగులున్న ప్రతిచోటా శిశుగృహం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చని. ఇరవై ఆరు వారాల సెలవు కూడా ఆ సవరణలోదే. బాగుంది. నా దగ్గరికి వచ్చే ల్యాబు అమ్మాయి పనిచేసేచోట తొమ్మిది మంది ఉంటారు. బట్టల షాపులో ఇరవై.

సాగర్ డ్యాము కట్టినప్పుడు? 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. రాతికట్టుబడి డ్యాముల్లో అంత పెద్దది ప్రపంచంలో లేదని గర్వంగా చెప్పుకుంటాం, ఆ రాళ్ళు మోసినవాళ్ళలో ఎంతమంది నెత్తి మీద తట్ట, చంకలో బిడ్డ ఉన్నారో చెప్పుకోం. కట్టడాల పనివాళ్ళ కోసం విడిగా చట్టం వచ్చింది 1996లో. అందులోనూ యాభై మంది ఆడవాళ్ళ అంకె పెట్టారు. ఈలోగా ఢిల్లీలో ఒకావిడ చట్టం కోసం ఆగలేదు. 1969లో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం రాజ్‌ఘాట్ దగ్గర కట్టడాలు లేస్తుంటే, దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహాదేవన్ ఒక గుడారం వేయించి వాళ్ళని కూర్చోబెట్టారు. అదే మొబైల్ క్రెషెస్ అయింది. పని ఎక్కడికి పోతే గుడారం అక్కడికి పోతుంది. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, ఆవిడ తల్లుల్ని "ఎన్ని మందున్నారు" అని అడగలేదు.

మనందరికీ తెలిసిన అంగన్‌వాడీ కథ మటుకు లోగిలిలోనే మొదలైంది. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలో బోర్డీ అనే ఊళ్ళో పల్లెపిల్లల కోసం కేంద్రం పెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకుపోయారు, ఆవిడా, ఆవిడతో పనిచేసిన అనుతాయి వాఘూ. అంగణం అంటే వాకిలే కదా, ఆ పేరు అలా వచ్చింది. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యాక ఊళ్ళల్లో బాల్వాడీలకి ఆ బోర్డు నుంచి సాయం అందింది. 1975 అక్టోబరు 2న దేశమంతటా 33 చోట్ల ఐసీడీఎస్ మొదలై, వాకిలి బడి సర్కారుదయింది.

అంగన్‌వాడీ టీచర్లంటే నాకు గౌరవం. కానీ పనికి వెళ్ళే తల్లి బాధ అక్కడ పూర్తిగా తీరదు. కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడేళ్ళు దాటిన వాళ్ళకి. మూడేళ్ళలోపు బిడ్డకి ఇంటికి సరుకు ఇస్తారు, టీకా గుర్తు చేస్తారు, బరువు తూస్తారు. బిడ్డ మాత్రం తల్లి దగ్గరే ఉండాలి. ఆ తల్లి ఎక్కడుందో అనేది ఆ లెక్కలో లేదు. 2006 నుంచి రాజీవ్‌గాంధీ పేరుతో క్రెష్ పథకం వచ్చింది, 2022 నుంచి అది "పాల్నా" అయింది. పాల్నా అంటే ఉయ్యాలే. అంగన్‌వాడీకే క్రెష్ కలిపి నడపాలని ఆలోచన. మంచిదే, మా వీధి దాకా రావాలి.

2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీ వాళ్ళు సమ్మెకి దిగారు. టీచరుకి ఇచ్చేది 11,500 రూపాయలు. గౌరవ వేతనం అంటారు, జీతం అనరు. వాళ్ళు అడిగింది 26,000, గ్రాట్యుటీ. జనవరి 6న ఎస్మా పెట్టారు. అంటే అత్యవసర సేవ అన్నమాట! జీతం పెంచమన్నప్పుడు గౌరవం, పని ఆపినప్పుడు అత్యవసరం. 42 రోజులు నడిచింది. ఆ రోజుల్లో నా ఫోను ఆగలేదు. "ఒక్క పది రోజులక్కా", "మా వాడు ఏమీ అల్లరి చెయ్యడు పిన్నీ". ఒక్కరిని కూడా అదనంగా తీసుకోలేదు. చాలామందికి కోపం వచ్చింది, ఒకావిడ ఇప్పటికీ రైతుబజారులో ముఖం తిప్పుకుంటుంది.

అంకె విషయంలో నేను కదలను. ఒక మనిషి ఎంతమందిని చూడగలదు? ఇంగ్లండులో ఇంట్లో చూసే ఆవిడకి ఇప్పటి లెక్క ఇది: ఎనిమిదేళ్ళలోపు ఆరుగురు, అందులో ఐదేళ్ళలోపు ముగ్గురు మించకూడదు, ఏడాది లోపు బిడ్డ ఒక్కటే, ఆవిడ సొంత పిల్లలు కూడా ఈ లెక్కలోనే. మన బాలల హక్కుల కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్ళకి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇరవై మందికి ఒక టీచరు, ఒక ఆయా అంది, అదీ మూడేళ్ళు దాటినవాళ్ళకి. ఇంట్లో చూసే మనబోటి వాళ్ళకి విడిగా ఏ అంకే లేదు. నేను ఐదు అని రాసుకున్నా. అందులో నడక రాని బిడ్డ ఒక్కటే. ఎందుకంటే నిప్పంటుకుంటే ఒక చంకలో ఒక బిడ్డ, ఇంకో చేత్తో ఒకరిని పట్టుకుని, మిగతావాళ్ళు నా కొంగు పట్టుకుని గేటు దాకా రాగలగాలి. గ్యాస్ బండ ఉన్న ఇంట్లో ఇది ఊహ కాదు. పిల్లలతో మూడుసార్లు నడిచి చూశాను.

లండన్ పక్క ఊళ్ళో ఉండే మా పిన్ని కూతురు తన బిడ్డని వదిలే చైల్డ్‌మైండర్ ఇచ్చిన కాగితాల కట్ట ఒకసారి ఫోన్లో చూపించింది. అక్కడ వీళ్ళని తనిఖీ చేసేది ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ. ఆ ఇంట్లో ఉండే పదహారేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ, భర్తకీ కొడుక్కీ కూడా, నేరచరిత్ర తనిఖీ జరగాలి. వాంతులు, విరేచనాలు అయితే ఆగిన 48 గంటల దాకా బిడ్డని పంపకూడదు. బిడ్డని తీసుకెళ్ళటానికి కొత్త మనిషి వస్తే ముందే చెప్పుకున్న రహస్యపు మాట చెప్పాలి. మా చెల్లి విసుక్కుంటోంది, "మనింటి పక్క మామ్మ ఇన్ని అడిగేదా" అని. నేను మాత్రం పెన్ను తీసుకుని కూర్చున్నా.

అందులో నేను పూర్తిగా ఎత్తి రాసుకున్నది ఒకటే. ఎవరు తీసుకెళ్ళాలి అన్నది. తల్లిదండ్రులు కాక ఇంకో ఇద్దరి పేర్లు, ఫోటోలు, ఫోను నంబర్లు. మన దగ్గర ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అందరూ చుట్టాలే. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఒక పాప బాబాయి వచ్చాడు. పేరు పుస్తకంలో లేదు. తల్లికి ఫోను చేశా, ఎత్తలేదు. తండ్రికి చేశా, స్విచాఫ్. "నేను దాని సొంత బాబాయిని, మీరెవరు ఆపటానికి?" అన్నాడు. పాప కూడా బాబాయీ అంటూ పరుగెత్తింది. గేటు దగ్గర అరగంట గొడవ. పక్కింటివాళ్ళు సైతం "పంపించెయ్యమ్మా, అయినవాడే కదా" అన్నారు. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చా, బిడ్డని మాత్రం ఇవ్వలేదు. తల్లి ఫోను చేసి "వద్దు పిన్నీ, పంపొద్దు, నేను ఆటోలో ఉన్నా" అన్నాక గానీ నా కాళ్ళ వణుకు తగ్గలేదు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రోజు నా మాట కాదు, ఆ సంతకమే గేటు కాసింది.

ఇంకోటి కూడా ఉంది, చాలామంది చదవగానే పేజీ తిప్పేస్తారు. బిడ్డ ఒంటి మీద దెబ్బ కనపడినా, బిడ్డ మాటల్లో తేడా ఉన్నా తేదీ వేసి రాస్తానని. బిడ్డ మీద లైంగిక హింస జరిగిందని అనుమానం వస్తే పోలీసులకి చెప్పటం 2012 పోక్సో చట్టం ప్రకారం ఎవరికైనా తప్పనిసరి. టీచరా, ఇంట్లో చూసే ఆవిడా అని తేడా లేదు. 1098 నంబరు నా ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. ఇంటి ఆడమనిషిని చట్టం మరచిపోయింది అని నేను ఇంతసేపూ అన్నా కదా, ఈ ఒక్కచోట మాత్రం గుర్తుపెట్టుకుంది.

జ్వరం రూలు దగ్గరే నాకూ తల్లులకీ ఎక్కువ పేచీ. జ్వరం వస్తే 24 గంటలు ఇంట్లో ఉంచాలని రాశా. వాళ్ళకి సెలవు దొరకదు, ఒక్కరోజు మానేస్తే జీతం కోస్తారు. పొద్దున సిరప్ పట్టి ఒళ్ళు చల్లబడ్డాక తెచ్చి దింపుతారు, పదకొండింటికి ఒళ్ళు మళ్ళీ కాలిపోతుంది. వాళ్ళ మీద కోపం రాదు నాకు. బొంబాయి మిల్లు తల్లి లెక్కే ఇది కూడా. కానీ మిగతా నలుగురి సంగతి నేనే చూడాలి. కాబట్టి రూలు రూలే, ఆ రోజు డబ్బు మాత్రం కోసుకోను అనుకోకండి, నెల డబ్బు నెలదే.

డబ్బు దగ్గరికి వచ్చాం కాబట్టి చెప్తాను. ఈ కథ మొత్తంలో నాకు ధైర్యం ఇచ్చింది 2005 ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. అందులో ఒక నిబంధన పెట్టారు. పనిచోటికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, ఆపైన వస్తే, పనికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకరిని ఆ పిల్లల్ని చూడటానికి పెట్టాలని, ఆమెకి కూడా కూలి ఇవ్వాలని. మట్టి తవ్వినా, మట్టి తినే బిడ్డ నోట్లోంచి మట్టి తీసినా కూలి కూలే. ఎన్ని చెరువుగట్ల మీద ఇది నిజంగా జరిగిందో ఆ గట్ల మీద పనిచేసిన మీకే బాగా తెలుసు. కాగితం మీద రాశారు కదా, నాకు అది చాలు. ఐదుగురు పిల్లలు అన్న అంకె కూడా నాకు అచ్చొచ్చింది.

నేను ఒక్కో బిడ్డకి నెలకి 2,500 పుచ్చుకుంటా. ఐదుగురికి 12,500. పాలు, పళ్ళు, గ్యాసు, సబ్బులు, ఫినాయిలు, మధ్యాహ్నం రెండు గంటలు సాయానికి వచ్చే అమ్మాయికి కలిపి 3,500 పోతుంది. మిగిలిన 9,000ని 26 రోజులకి పంచితే రోజుకి 346 రూపాయలు. 2025-26కి మన రాష్ట్రంలో ఉపాధి కూలి 307. తేడా 39 రూపాయలు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా పది గంటలు. "ఇంట్లో ఉండి సంపాదిస్తున్నావు" అనే మా బంధువులకి ఈ లెక్క చెప్పి చూశా, వాళ్ళు టాపిక్ మార్చారు.

మాచర్ల ఆవిడ మొన్న ఫోను చేసింది. రూల్సన్నీ శుభ్రంగా రాసుకుందట, గేటు గొళ్ళెం పైకి పెట్టించిందట, నీళ్ళ డ్రమ్ముకి మూత చేయించిందట. రేటు దగ్గర ఖాళీ వదిలేసింది. "వచ్చినవాళ్ళు ఎంత ఇస్తే అంత, తెలిసినవాళ్ళేగా అక్కా" అంది. ముందు అంకె వెయ్యి, తర్వాతే పిల్లల పేర్లు రాయి అన్నాను. కోతలకి పోయే ఇద్దరు తల్లులు తెల్లవారుజామున ఐదింటికే బిడ్డల్ని తెస్తామంటున్నారట, వారం వారం కూలి డబ్బులొచ్చినప్పుడు ఇస్తామన్నారట. వారానికి ఇవ్వటం సరే, ఒప్పుకో అన్నా. ఐదు నుంచి ఎనిమిది దాకా మూడు గంటలకి విడిగా రేటు రాయమన్నా. రాసిందట. ఇంకా వాళ్ళకి చూపించలేదట.